సొంత కారు, అద్దె డ్రైవరు, రామప్ప

తార్నాక నుంచి ఆసుపత్రికి, బజారుకు, చుట్టాల ఇళ్లకు కారు నేనే నడుపుతాను. కానీ జాతీయ రహదారి మీద లారీల మధ్య రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు పోయి, అదే రోజు తిరిగి రావడం నా వల్ల కాదు. ఆ విషయంలో నాకు మొహమాటం లేదు. మా ఆయన ఉద్యోగం ఒడిశాలో. పండుగకు వచ్చే మనిషిని పట్టుకుని మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టడం న్యాయం కాదు. 2021 జూలైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందని టీవీలో చూసిన నాటి నుంచి అమ్మ నోట ఒకటే మాట: "మన తెలుగు నేల మీది గుడికి ప్రపంచం దండం పెడుతోంది, నేను పెట్టకపోతే ఎలా?" దీనికి పిన్ని వంత పాడింది. కార్తీక మాసంలో శివాలయాల దగ్గర ఇసుక వేస్తే రాలని జనం ఉంటారు కాబట్టి అది గడిచాక, డిసెంబరులో, వారం మధ్యలో ఒక రోజు అనుకున్నాం.

బస్సులో వెళ్లాలంటే హనుమకొండలో ఒకసారి, ములుగులో మరోసారి మారాలి. అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకు ఆటో వెతుక్కోవాలి. అమ్మ మోకాళ్లకు అన్ని మెట్లు ఎక్కి దిగే ఓపిక లేదు. ఇక టాక్సీ. అడిగిన చోటల్లా లెక్క ఒకే పద్ధతిలో చెప్పారు. కిలోమీటరుకు పద్నాలుగు రూపాయలు, రోజుకు కనీసం మూడు వందల కిలోమీటర్లు, డ్రైవరు బత్తా నాలుగు వందలు, టోలు, పార్కింగు మనవే. కిలోమీటర్లు మన గుమ్మం దగ్గర నుంచి కాదు, వాళ్ల షెడ్డు నుంచి షెడ్డుకు లెక్క. ఈ చివరి మాట అడిగితేనే చెబుతారు. అన్నీ కలిపి ఏడు వేలు దాటుతోంది.

మా అపార్టుమెంటులో ఒకాయన తెలిసిన కుర్రాడి కారు అయిదు వేలకు మాట్లాడి పెడతానన్నారు. నంబరు ప్లేటు ఏ రంగని అడిగాను. తెల్లదే. అద్దెకు తిప్పే బండికి పసుపు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికి. దాన్ని కిరాయికి తిప్పితే పర్మిటు లేనట్టే, ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. ఇద్దరు పెద్దవాళ్లను ఎక్కించుకుని రెండు వేల రూపాయల కోసం ఆ బెడద ఎందుకు? ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. కానీ ఏం చేస్తాం!

మిగిలింది యాక్టింగ్ డ్రైవరు. కారు మనది, పెట్రోలు మనది, నడిపే మనిషి ఆ ఒక్క రోజుకు వస్తాడు. హైదరాబాదులో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పెళ్లిళ్లకు, విమానాశ్రయానికి, రాత్రి విందులకు ఇలా పిలిపించుకునేవాళ్లు బోలెడు మంది. నేను మాట్లాడిన ధర పన్నెండు గంటలకు పదమూడు వందలు, ఆపైన ప్రతి గంటకు నూట ఇరవై, భోజనం మనం పెట్టకపోతే బత్తా రెండు వందలు. మా కారుకు పోను రాను పెట్రోలు మూడు వేలకు కాస్త తక్కువ అవుతుందని లెక్క వేసుకున్నాను. టాక్సీతో పోలిస్తే రెండు వేల దాకా మిగులుతుంది. అంతకంటే ముఖ్యం, అమ్మ నడుము దిండు, చేతికర్ర, మందుల పెట్టె ఎప్పుడూ ఉండే చోటే ఉంటాయి.

ఫోను చేసే ముందు బీమా కాగితం తీసి చదివాను. సొంత కారు పాలసీలో, సరైన లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా అభ్యంతరం లేదు. కానీ జీతానికి నడిపే మనిషికే దెబ్బ తగిలితే? దానికి 'పెయిడ్ డ్రైవర్' అని విడిగా ఒక వరుస ఉంటుంది. ఏడాదికి యాభై రూపాయలు. మా పాలసీలో అది ఉంది. వేలకు వేలు ప్రీమియం కట్టే మనం ఈ యాభై రూపాయల వరుస ఉందో లేదో చూడం. ఒకసారి మీ కాగితం తీసి చూడండి, ఇప్పుడే.

డ్రైవర్లను పంపే ఒక ఏజెన్సీకి ఫోను చేశాను. పేరు అనవసరం. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. తేదీ, సమయం, ఊరు రాసుకుంది, అయిదు వందలు అడ్వాన్సు తీసుకుంది. డ్రైవరు లైసెన్సు ఫొటో పంపమన్నాను, పంపింది. రవాణా శాఖ యాప్‌లో ఆ నంబరు, పుట్టిన తేదీ కొడితే గడువు కనిపిస్తుంది. బాగానే ఉంది. మా కారు గేర్లది కాదు, ఆటోమేటిక్, అలవాటున్న మనిషే కావాలన్నాను. ఉందన్నది. ఇది తప్పకుండా అడగాలి. ఏళ్ల తరబడి క్లచ్చి తొక్కిన ఎడమ కాలు ఊరికే ఉండదు. కంగారులో బ్రేకు మీదికి పోతుంది, బండి నడిరోడ్డు మీద టక్కున ఆగిపోతుంది.

తెల్లవారుజామున అయిదున్నరకు రావలసిన అబ్బాయి అయిదింటికే గేటు దగ్గరికి వచ్చాడు. ముఖం కడుక్కున్న నీళ్లు ఇంకా చొక్కా కాలరు మీద ఉన్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాళం చెవి అందుకునే చేతిలో ఇంకో కారు పార్కింగు చీటీ నలిగి ఉంది.

"రాత్రి ఎక్కడ పడుకున్నావు బాబూ?" అని అడిగాను.

"పడుకోలేదు మేడం. తిరుపతి నుంచి మూడింటికి దిగాను. పార్టీని ఇంటి దగ్గర దింపి ఇటే వచ్చేశాను. అలవాటే, ఏం పర్వాలేదు."

అబద్ధం చెప్పలేదు, పాపం. తిరుపతి నుంచి హైదరాబాదు అంటే అయిదు వందల యాభై కిలోమీటర్లకు పైమాటే. దాని మీద మళ్లీ నాలుగు వందల ఇరవై మేము నడిపించబోతున్నాం. ఏజెన్సీకి ఫోను చేస్తే నిన్నటి మర్యాద తగ్గింది. "వాళ్లకు అది మామూలే మేడం, టీ తాగితే సరిపోతుంది" అన్నారు. వేరే మనిషిని పంపమంటే మధ్యాహ్నం దాకా ఎవరూ లేరన్నారు. ఆ అబ్బాయికి కాఫీ ఇచ్చి, రానుపోను ఖర్చు చేతిలో పెట్టి, ఇంటికెళ్లి పడుకోమన్నాను. అతని ముఖంలో ముందు భయం, ఆ తరువాత తేలిక కనిపించాయి. అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవడానికి చాలా ఫోన్లే చేయాల్సి వచ్చింది. అమ్మ తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర మా భోజనాల బల్ల మీదే అయిపోయింది. "శివుడు ఎక్కడికీ పోడులే" అని పిన్ని సర్దిచెప్పింది గానీ, పట్టుచీర మడత పెట్టేటప్పుడు మాత్రం ఏదో గొణుక్కుంది.

తరువాతి మనిషిని మా వాచ్‌మన్ చూపించాడు. నాలుగో అంతస్తు వాళ్ల దగ్గర చాలాకాలం పనిచేసిన డ్రైవరు. వాళ్లు అమెరికాలో పిల్లల దగ్గర ఉన్న నెలల్లో బయటి పనులు ఒప్పుకుంటారు. యాభై దాటిన వయసు. ఫోనులో నేను అడగాల్సినవన్నీ ఆయనే అడిగారు. ఏ కారు, ఆటోమేటిక్కా, ఎంతమంది, టైర్లు ఎప్పుడు మార్చారు, పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఒక్క రామప్పేనా ఇంకేమైనా చూస్తారా, ఎన్నింటికి తిరిగి రావాలి. చివరికి, "ఎల్లుండి పెట్టుకోండి మేడం. రేపు రాత్రి నాకు పని లేదు, నిద్ర పడుతుంది" అన్నారు. నేను నోరు తెరిచి అడిగే అవసరం లేకుండానే. ధర ఏజెన్సీ చెప్పినదే. అడ్వాన్సు వద్దన్నారు. వేగం మించి వచ్చే చలానా ఆయనది, తక్కినవి మావి అని అదే ఫోనులో తేల్చుకున్నాం. ఇలాంటివి ముందు మాట్లాడుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు. చలానా వచ్చాక మాట్లాడితే అది తగువు.

ముందు రోజు సాయంత్రం వచ్చి కారు చూసి వెళ్లారు. డిక్కీ తెరిచి మ్యాటు లేపి స్టెప్నీని బొటనవేలితో నొక్కారు. గాలి లేదు. మేము కారు కొన్ననాటి నుంచి దాని ముఖం చూడలేదు. జాకీ ఉంది, దాన్ని తిప్పే కడ్డీ లేదు. అది సీటు కింద దొరికింది. వీధి చివర పంక్చర్ల షాపు దాకా తనే నడిపి అయిదు చక్రాలకూ గాలి పట్టించారు. నేను పక్క సీట్లో కూర్చుని ఆయన ఎడమ కాలు చూస్తూనే ఉన్నాను. అది చాప మీద బుద్ధిగా కదలకుండా ఉంది. మీటరు రీడింగు, పెట్రోలు ముల్లు, తలుపు మీద పాత గీతలు ఆయనే నా ఫోనుతో ఫొటో తీయమన్నారు. "రేపు మీకూ నాకూ మాట రాకూడదు కదా" అన్నారు.

అయిదున్నరకు బయలుదేరాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వంతెన పనుల గుంతల్లో కారు ఊగుతూ సాగింది. ఘట్‌కేసర్ దాటాక రోడ్డు విశాలమైంది. మంచులో భువనగిరి గుట్ట ఒంటి ఏనుగులా కనిపించింది. ఆయన గంటకు ఎనభై దగ్గర ముల్లు నిలిపి ఉంచారు. ఫోను ముట్టలేదు. ఒకసారి మోగితే, ఆలేరులో టిఫినుకు ఆగినప్పుడు తిరిగి చేశారు. పిన్ని వెనక నుంచి కుటుంబ విశేషాలు అడుగుతుంటే పొడిపొడిగా జవాబిచ్చారు. కాసేపటికి పిన్ని కూడా గ్రహించి కునుకు తీసింది. పెంబర్తి దగ్గర ఇత్తడి పనివాళ్ల దుకాణాలు ఇంకా తెరవలేదు. తిరుగు ప్రయాణంలో ఆగుదామన్నారు. హనుమకొండ, ఆత్మకూరు, ములుగు. ములుగు దాటాక పెద్ద రోడ్డు వదిలి వెంకటాపూర్ వైపు తిరిగితే పత్తి చేలు, వరి కొయ్యకాళ్లు, ఆ పైన పాలంపేట.

పదింటికి చేరాం. ఆయన కారును చెట్టు నీడ చూసి, ముఖం బయటి దారి వైపు ఉండేలా వెనక్కి పెట్టారు. అమ్మ ఊరుకోలేదు. "నువ్వూ రా నాయనా, ఇంత దూరం వచ్చి దేవుణ్ని చూడకుండా ఎలా?"

"చాలాసార్లు చూశానమ్మా. ఇప్పుడు మీరు వెళ్లి నిదానంగా చూసి రండి. నేను పడుకుంటాను. మళ్లీ రెండు వందల కిలోమీటర్లు ఉంది" అంటూ సీటు వెనక్కి వాల్చేశారు. అమ్మ ఇంకో మాట అనబోతే నేనే చెయ్యి పట్టుకుని నడిపించాను. ఎండుటాకుల మీద పడుకున్న కుక్క కూడా లేవకముందే ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ పదమూడు వందల్లో ఈ నిద్రకు కూడా మేము డబ్బు కడుతున్నామని నా లెక్క. సంతోషంగా కడుతున్నాం.

ఇక గుడి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ప్రాంగణంలోని శాసనం 1213 నాటిది. ఉన్న దేవుడు రుద్రేశ్వరుడు. లోకం మాత్రం శిల్పి రామప్ప పేరుతోనే గుడిని పిలుస్తుందని చెబుతారు. కట్టించినవాడి పేరు, కొలువైన దేవుడి పేరు వెనక్కి పోయి, ఉలి పట్టినవాడి పేరు నిలిచిందంటే అమ్మకు భలే నచ్చింది. ఆరడుగుల ఎత్తున నక్షత్రం ఆకారపు అరుగు, దాని మీద గుడి. మెట్లు కొన్నే గానీ ఒక్కొక్కటి మోకాలి ఎత్తు. అమ్మను నేను ముందు నుంచి, పిన్ని వెనక నుంచి పట్టుకున్నాం. అరుగు ఎక్కాక మాత్రం హాయి. చుట్టూ ప్రదక్షిణకు కావలసినంత వెడల్పు, పక్కనే గోడ మీద చేతికి అందే ఎత్తులో ఏనుగుల బారు. ఒక ఏనుగును పోలిన మరో ఏనుగు లేదని గైడు పందెం కట్టాడు. పిన్ని నిజంగానే సరిచూడటం మొదలుపెట్టి ఒక మూల తిరిగేసరికి వదిలేసింది.

గోడలు ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, చూరు కింద నాట్యభంగిమల్లో నిలిచిన స్త్రీ శిల్పాలు, అంటే మదనికలు, నల్లరాయి. తూర్పు, దక్షిణం, ఉత్తరం మూడు వాకిళ్లకూ నలుగురు చొప్పున పన్నెండుమంది. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. గైడు దాన్ని చూపించేటప్పుడు అందరి మాదిరిగానే మేమూ నవ్వాం. నేను మాత్రం ఎక్కువసేపు చూసింది పైనున్న నాగిని వైపు. నల్లరాయి అంత నున్నగా ఎలా వచ్చిందో, ఎండ పడినప్పుడు భుజం మీద వెలుగు నూనె రాసినట్టు జారుతోంది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసేటప్పుడు ఈ గోడల మీది భంగిమలనే దగ్గర పెట్టుకున్నారు. అది తెలిసి చూస్తే మద్దెల పట్టుకున్న ప్రతి బొమ్మా ఇంకొంచెం కదులుతుంది.

మండపంలో అడుగు పెట్టగానే అమ్మ ఆగిపోయింది. నేల సమంగా లేదు. బండలు అలల్లా ఒకచోట లేచి, ఒకచోట కుంగి ఉన్నాయి. పునాది కింద ఇసుక నింపి కట్టారని, భూమి కదిలినా ఆ ఇసుక సర్దుకుని గుడిని నిలబెట్టిందని గైడు చెప్పాడు. నడవడానికి మాత్రం చేతికర్ర గట్టిగా ఊనాల్సిందే. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లను తీసుకెళ్లేవారు ఈ నేల సంగతి గుర్తుంచుకోవాలి, మెట్ల కంటే ఇదే కష్టం. మధ్యనున్న నాలుగు స్తంభాల్లో దారం పట్టేంత సన్నటి రంధ్రాలు, అద్దంలా మెరిసే గుండ్రటి పట్టీలు. గైడు టార్చి వేసి ఒక్కొక్కటీ చూపిస్తుంటే అమ్మ నొప్పి సంగతి మరిచి ఇంకో స్తంభానికి నడిచింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయనగానే పిన్ని "ఒకటి వేసి చూపించండి" అంది. "గోపురం నుంచి పీకమంటారా అమ్మా?" అన్నాడతను. ఎదురుగా నంది మాత్రం మేము ఎటు కదిలినా మావైపే చూస్తున్నట్టు, పిలిస్తే లేచేటట్టు చెవులు నిక్కించి కూర్చుంది.

పన్నెండు దాటాక తిరిగి వస్తే ఆయన లేచి ముఖం కడుక్కుని అద్దాలు తుడుస్తున్నారు. పిన్ని ఇక్కడ మెల్లగా లక్నవరం మాట తెచ్చింది. వేలాడే వంతెన, చెరువు, ఇంకో ముప్పై కిలోమీటర్లే కదా అని. చాలామంది రామప్ప, లక్నవరం, మేడారం ఒకే రోజులో చుట్టేస్తారు. ఆయన వద్దనలేదు. "తీసుకెళ్తాను. అయితే వేయిస్తంభాల గుడి ఉండదు, ఇంటికి చేరేసరికి రాత్రి పదవుతుంది, పెద్దమ్మ గారికి కూర్చుని కూర్చుని కాళ్లు వాస్తాయి. మీ ఇష్టం" అన్నారు. ఏ దుకాణం వైపూ, ఏ హోటలు వైపూ మమ్మల్ని నెట్టని మనిషి చెప్పిన మాట కాబట్టి దానికి విలువ ఉంది. లక్నవరం మానుకున్నాం. రామప్ప చెరువు కట్ట మాత్రం ఎక్కి చూశాం. అదీ కాకతీయుల కాలం నాటిదే, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది.

హనుమకొండలో భోజనం. మాతో కూర్చోమంటే ఆయన వేరే బల్ల దగ్గర కూర్చున్నారు. పెరుగు వేసుకోలేదు. మధ్యాహ్నం పెరుగన్నం తింటే కళ్లు మూతపడతాయట. 1163 నాటి వేయిస్తంభాల గుడిలో, రాళ్లు విప్పదీసి దాదాపు రెండు దశాబ్దాలు ముక్కలుగా ఉంచిన కళ్యాణ మండపం 2024లో మళ్లీ తెరుచుకుంది. పాత రాయికి, కొత్త రాయికి తేడా కనిపెట్టడం మా ముగ్గురికీ కాసేపు ఆటైపోయింది. పెంబర్తిలో అమ్మ దీపపు కుందులు చూసింది, పిన్ని బేరమాడింది, ఎవరూ కొనలేదు. ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా నత్తనడక. గేటు ముందు ఆగేసరికి సాయంత్రం ఏడున్నర.

పన్నెండు గంటలు అయిదున్నరకే నిండాయి. పైన రెండు గంటలకు రెండు వందల నలభై. భోజనం మేమే పెట్టాం కాబట్టి బత్తా లేదన్నారు. రాత్రి భోజనానికని నేను రెండు వందలు కలిపి పదిహేడు వందల నలభై ఇచ్చాను. లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నారు, మొహమాటపడలేదు. పొద్దున్న పార్కింగులో పెట్టిన బైకు తీస్తూ, సంక్రాంతి వారంలో మాత్రం అడగొద్దన్నారు. నాలుగో అంతస్తు వాళ్లు వస్తున్నారట. నాగార్జునకొండకు అయితే ఫిబ్రవరి మంచిదని, లాంచీ వేళలు కనుక్కుని ముందే చెబుతానని అన్నారు. అమ్మ అప్పుడే లిఫ్టులో పిన్నికి అక్కడ కట్టుకోవలసిన చీర గురించి చెబుతోంది.